పాత ఫియట్‌కి నల్ల నంబర్ ప్లేటు ఉంచుకోవచ్చా? ప్లేటు సంగతి అలా ఉంచి ముందు నంబర్ కాపాడుకోండి

మీ ప్రశ్నలో విషయం ఇదీ. గుంటూరులో, కాలం చేసిన తాతగారి పేరు మీద 1969 ఫియట్ 1100 డిలైట్ ఉంది. నల్ల రేకు మీద తెల్ల పెయింటుతో చేత్తో రాసిన మూడక్షరాల పాత నంబర్ దానిది. ఆర్‌సీ గడువు ఎప్పుడో దాటింది. బండి బాగుచేయించి తిప్పుకోవాలనుకుంటున్నారు. ఇంగ్లండ్‌లో పాత కార్లకు నల్ల ప్లేటు చట్టబద్ధమని విన్నారు కాబట్టి మన దగ్గరా అలాంటి వెసులుబాటు ఉందా అని అడిగారు.

లేదు. రోడ్డు మీదికి వచ్చే సొంత బండికి నల్ల రేకు, తెల్ల అక్షరాలు మన నిబంధనల్లో ఇప్పుడు ఎక్కడా లేవు. బండికి 50 ఏళ్లున్నా, 80 ఏళ్లున్నా అంతే. అయితే మీ దగ్గరున్న వాటిలో అసలు విలువైనది ఆ నంబర్. దాన్ని పూర్తి చట్టబద్ధంగా నిలుపుకోవచ్చు. పాత బండ్లవాళ్లలో చాలామంది ప్లేటు రంగు కోసం పట్టుబట్టి, కాగితాలు పట్టించుకోక, చివరికి నంబరే పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం కాగితాల గురించే.

ముందు ఇంగ్లండ్ సంగతి. అక్కడ 1980 జనవరి 1కి ముందు తయారై, చారిత్రక వాహనాల పన్ను తరగతిలో నమోదైన బండ్లకే నల్ల ప్లేటు మీద తెలుపు, వెండి లేదా బూడిద రంగు అక్షరాలకు అనుమతి ఉంది. ఆ దేశపు చట్టం ఆ దేశంలో రిజిస్టరైన బండికే. అక్కడినుంచి తెప్పించుకున్న, అచ్చొత్తిన నల్ల ప్లేటు ఇక్కడ బిగిస్తే మీకు ఏ రక్షణా ఉండదు.

మన దగ్గర ప్లేటు సంగతి చూసేది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 50, 51 రూల్స్. సొంత బండ్లకు నల్ల ప్లేటు ఒకప్పుడు మామూలే, మీ తాతగారి ప్లేటు ఆ కాలానిదే. తర్వాత నిబంధన మారి సొంత బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, అద్దె బండికి పసుపు మీద నలుపు వచ్చాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటే నేటి లెక్కలో అది సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు. పాతకాలపు లుక్ కోసం నలుపు మీద లేత పసుపు రాయించుకుంటే, సొంత బండిని అద్దె బండిగా చూపిస్తున్నట్టే. ఆ రంగు జోలికి అసలు వెళ్లకండి.

రూల్ 51 ప్రకారం కారు నంబర్‌లో ప్రతి అక్షరం, అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, మధ్య ఖాళీ 10 ఉండాలి. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు మనం రోజూ రాసే 1, 2, 3లలోనే. తెలుగు అంకెలతో గానీ, వంపులు తిరిగిన అక్షరాలతో గానీ రాయించిన ప్లేటు, రంగు సరిగ్గానే ఉన్నా, నిబంధన తప్పినట్టే. కారుకు ప్లేటు కొలతలు రెండు: 500 × 120 పొడుగుది, 340 × 200 రెండు వరసలది.

ఈ కొలతలకు తోడు తర్వాత హై సెక్యూరిటీ ప్లేటు వచ్చింది. ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, మీద వెలుగు తిప్పికొట్టే పొర, ఎడమ పక్క పైన అశోక చక్రం హోలోగ్రామ్, కింద లేజర్‌తో చెక్కిన గుర్తింపు సంఖ్య, అంకెల మీద ఏటవాలుగా ‘ఇండియా’ అచ్చు. వెనక ప్లేటును ఒకసారి బిగిస్తే మళ్లీ వాడటానికి వీల్లేని స్నాప్ లాక్‌తో కొడతారు. ముందు అద్దం లోపల ఎడమవైపు పై మూలన మూడో గుర్తుగా స్టిక్కర్ అంటిస్తారు. పెట్రోలు బండికి అది లేత నీలం, డీజిల్‌కు నారింజ. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు ఇది కంపెనీ నుంచే వస్తుంది. అంతకు ముందు బండ్లకూ రూల్ 50 వర్తిస్తుంది, వయసును బట్టి మినహాయింపేమీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరులోనో స్టిక్కర్ షాపువాడు ‘ఇండ్’ అని అచ్చు వేసి అమ్మే ప్లేటు హై సెక్యూరిటీ ప్లేటు కాదు. దాని లేజర్ సంఖ్య బండి రికార్డుకు ఎక్కదు, కాబట్టి తనిఖీలో అది మామూలు ప్లేటుతో సమానం. రవాణా శాఖ ఒప్పుకున్న మార్గంలోనే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, నంబర్. 1989 జూలై 1కి ముందు ఇచ్చిన మూడక్షరాల నంబర్లు ఇప్పటికీ చెల్లుతాయి. ఆ తర్వాత గుంటూరుకు ఏపీ 07, విజయవాడకు ఏపీ 16 వచ్చాయి, 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. అయినా పాత బండి పాత నంబర్ మార్చుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. మీ మూడక్షరాల నంబర్‌నే హై సెక్యూరిటీ ప్లేటు మీద అచ్చు వేయించుకోవచ్చు. దానికి షరతు ఒక్కటే: ఆ నంబర్ ‘వాహన్’లో, అంటే రవాణా శాఖ కంప్యూటర్ రికార్డులో ఉండాలి. 1969 బండి వివరాలు సాధారణంగా అందులో ఉండవు. చేతిరాత రిజిస్టర్లో ఉంటాయి.

కాబట్టి మొదట చేయాల్సింది వాహన్‌లో మీ నంబర్ వెతకడం. లేకపోతే బండి మొదట రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసులో బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు, అంటే ఆఫీసు రిజిస్టర్లో మీ బండి వివరాల నకలుకు దరఖాస్తు పెట్టండి. సి బుక్కు (పుస్తకం రూపంలోని పాత ఆర్‌సీ) చేతిలో ఉంటే దాని అన్ని పేజీల జిరాక్సు, పన్ను కట్టిన పాత రసీదులు జతచేయండి. సి బుక్కు పోయి ఉంటే పోలీసు స్టేషన్‌లో పోయినట్టు రాయించుకొని, ఫారం 26లో డూప్లికేట్ అడగాలి. బి రిజిస్టర్ ఆధారంగా ఆఫీసువాళ్లు పాత వివరాలను వాహన్‌లోకి ఎక్కిస్తారు, దీన్నే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. ఎంట్రీ అయిన రోజే ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, తయారీ సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, రంగు అక్షరం అక్షరం సరిచూసుకోండి. 0 బదులు ఓ, 1 బదులు ఐ, 5 బదులు ఎస్ పడటం తరచూ జరిగేదే. ఆ ఒక్క అక్షరం తేడాతో తర్వాత ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, ప్లేటు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ తప్పు పడితే 50 ఏళ్లు దాటిన బండ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్ (దాని సంగతి కింద చెప్తాను) అర్హత లెక్క కూడా తప్పుతుంది.

తర్వాత పేరు మార్పు. తాతగారు పోయారు కాబట్టి ఇది అమ్మకం కాదు, ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరూ అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్ కావాలి. యజమాని మరణించిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలని నిబంధన. మీ ఇంట్లోలాగా ఏళ్లు గడిచిన బండ్లకు ఆలస్యపు రుసుము పడుతుంది గానీ దారి మూసుకుపోదు. మేనత్తలు, బాబాయిలు వేరే ఊళ్లలో ఉంటే సంతకాలు ముందే సేకరించి పెట్టుకోండి. నెలలు గడిచేది ఎక్కువగా ఇక్కడే.

దాంతోపాటే ఫారం 25లో రిజిస్ట్రేషన్ రెన్యువల్. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఒక్కో రెన్యువల్ ఐదేళ్లు. 2025 ఆగస్టులో ఫీజులు పెరిగాయి. 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. విదేశం నుంచి దిగుమతి చేసుకున్న కారైతే 80,000. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం, దాని మీద గ్రీన్ ట్యాక్స్. ఏళ్ల తరబడి గడువు దాటిన బండికి మొత్తం ఎంతవుతుందో రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో చూసుకున్నాకే మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వండి.

రెన్యువల్ పూర్తయ్యేదాకా బండిని రోడ్డు మీద నడపకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేని బండి బయట తిరగకూడదు. తనిఖీకి టోయింగ్ బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి.

తనిఖీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మొదట చూసేది ఛాసిస్ నంబర్. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ట్రేసింగ్ తీస్తారు. ఐదు దశాబ్దాల తుప్పు, దాని మీద మూడు నాలుగు పొరల పెయింటు ఉన్న చోట అంకెలు కనపడవు. అక్కడే చాలా బండ్లు చెడిపోతాయి: గ్రైండర్ పెట్టి, ఇనప బ్రష్షుతో తోమి, లోతు తక్కువున్న అంకెల్ని చెరిపేస్తారు. చెరిగాక అది దొంగబండి అనుమానానికి దారితీస్తుంది. చేయాల్సిన తీరు వేరు. పెయింటు రిమూవర్ కొంచెం రాసి పది నిమిషాలు ఆగి ప్లాస్టిక్ చెంచాతో గీకండి. తుప్పు మీద కిరోసిన్ గుడ్డ ఒక రాత్రి వేసి ఉంచి, నైలాన్ బ్రష్షుతో తోమండి. ఎండాక సుద్దపొడి రుద్ది తుడిస్తే గుంటల్లో తెలుపు నిలిచి అంకెలు తేలతాయి. ఫొటో తీసుకుని, పలచగా గ్రీజు పూసి వదిలేయండి. ఒక్క అంకె కూడా కనపడకపోతే మీరే పంచ్ కొట్టించవద్దు. రిజిస్టరింగ్ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా నంబర్ కొట్టిస్తే ఆ బండి కాగితాలు మళ్లీ కోలుకోవు.

ఇంజిన్ కూడా చూసుకోండి. ఆ కాలపు అంబాసిడర్లు, ఫియట్‌లు చాలావాటికి మధ్యలో డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. సి బుక్కులో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే సెక్షన్ 52 అడ్డొస్తుంది. అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి, లేదా అసలు ఇంజిన్ తిరిగి పెట్టాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కైతే ఈ మార్పే దెబ్బకొడుతుంది.

కాలుష్య పరీక్షకు భయపడక్కర్లేదు. ఇంత పాత పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాకా పరిమితి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాకే పరీక్ష చేయించండి. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉందో లేదో చూడండి. ప్లగ్గులు నల్లగా మసి పట్టి ఉంటే మిక్చర్ స్క్రూ సరిచేయించి అప్పుడు వెళ్లండి. తప్పే బండ్లలో ఎక్కువ చోక్ కేబుల్ సగంలో ఇరుక్కున్నవే.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్రం 81ఏ మొదలు కొత్త రూల్స్ చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర వాహనాలు, కార్లు దీని కిందికి వస్తాయి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు. లారీలు, ట్రాక్టర్లకు ఇది లేదు. మీ 1969 ఫియట్‌కు వయసు సరిపోతుంది. పాత అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్, విల్లీస్ జీపు, జావా, తొలి బుల్లెట్ కూడా సరిపోతాయి. 1983లో మొదలైన మారుతి 800కు, 1984లో వచ్చిన కాంటెస్సాకు ఇంకా సమయం ఉంది.

దరఖాస్తు ఫారం 20లో, పరివాహన్ పోర్టల్ ద్వారా. ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ, దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ పత్రం) జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, మళ్లీ చేయించుకోవడానికి 5,000. గడువు పదేళ్లు. ఇప్పటికే రిజిస్టరైన బండి తన పాత నంబర్ నిలుపుకోవచ్చు. నంబరే లేని బండికి ఏపీ, ఆ తర్వాత వీఏ, రెండక్షరాల సిరీస్, నాలుగంకెలు ఇస్తారు. వీఏ అంటే వింటేజ్.

ఇది తీసుకునే ముందు ఒక షరతు రెండుసార్లు చదవండి. వింటేజ్‌గా రిజిస్టరైన బండి ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, ఆ చోట్లకు పోయిరావడానికి, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం ఇంటిల్లిపాదీ మంగళగిరి గుడికి పోయిరావడం ఇందులో లేదు. అలాంటి ప్రయాణంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ఈ షరతునే ముందు పెడుతుంది. అందువల్ల బండిని కుటుంబంతో తిప్పుకోవాలనుకునేవారికి మామూలు రెన్యువలే సరైనదని నా గట్టి అభిప్రాయం. షెడ్డులో కవరు కింద ఉండి ఏడాదికి ఒకటి రెండుసార్లు ర్యాలీకి వెళ్లే బండికి, లేదా బయటి రాష్ట్రం నంబర్ పోగొట్టుకోకూడదనుకునే బండికి వింటేజ్ మంచిది.

ఆ బయటి రాష్ట్రం సంగతి వివరంగా చెప్పాలి. మద్రాసులోనో, బెంగళూరులోనో పాత నంబర్‌తో దొరికిన కారు కొని గుంటూరు తెస్తారు. ఏడాది దాటి ఇక్కడుంటే సెక్షన్ 47 కింద కొత్త నంబర్ తీసుకోవాలి. అక్కడి నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ ఫారం 27 వేయగానే పాత నంబర్ పోయి కొత్త ఏపీ నంబర్ వస్తుంది. 50 ఏళ్లు దాటిన బండి అయితే ఫారం 27 జోలికి పోకముందే, పాత నంబర్ కొనసాగించమని రాసి వింటేజ్ దరఖాస్తు పెట్టండి. ఈ క్రమం తిరగబడిందంటే పాత నంబర్ వెనక్కి రాదు.

కాగితాలు చక్కబడ్డాక ప్లేటు బిగింపు. ఇక్కడ తొందరపడితే క్రోమ్ బంపర్‌కు, డిక్కీ డోరుకు కొత్త రంధ్రాలు పడతాయి, ఆ తర్వాత వాటిని పూడ్చడం ఖర్చుతో కూడిన పని. ప్లేటుకు ఆర్డరిచ్చే ముందే ముందు, వెనక జాగా కొలవండి. ముందు 500 × 120, వెనక 340 × 200 మామూలుగా కుదురుతాయి. వెనక పొడుగు ప్లేటు చెప్తే పాత కార్లలో నంబర్ లైటు వెలుగు చివరి అంకెల దాకా చేరదు. రాత్రిపూట వెనక నంబర్ 15 మీటర్ల నుంచి తెల్ల వెలుగులో చదవగలగాలని నిబంధన. లైటు వెలగకపోతే బల్బు మార్చేముందు ఎర్త్ చూడండి. పెయింటు వేసేటప్పుడు హోల్డర్ కింద ఎర్త్ పాయింటు మూసుకుపోవడం సాధారణం.

ముందు ప్లేటుకు బంపర్ ఐరన్‌కున్న పాత బోల్టులకే 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీతో బ్రాకెట్ చేయించండి. క్రోమ్‌కు, పట్టీకి మధ్య రబ్బరు ముక్క వేయాలి. వెనక 2 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటును ప్లేటు కంటే చుట్టూ 5 మిల్లీమీటర్లు పెద్దగా కోయించి, పాత ప్లేటు రంధ్రాల్లోనే 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించండి. నట్లు డిక్కీ లోపలివైపు ఉండాలి. ఫిట్టర్ స్నాప్ లాక్‌ను ఆ షీటుకే కొడతాడు, బాడీకి డ్రిల్లు తగలదు. అల్యూమినియం నేరుగా ఇనుముకు ఆనితే, మన కృష్ణా తీరపు చెమ్మకు రెండు వర్షాకాలాల్లో తెల్ల పొడి రాలడం మొదలవుతుంది. అందుకే బోల్టుకు నైలాన్ వాషర్ వేయండి. హై సెక్యూరిటీ ప్లేటుకు మీరు అదనంగా రంధ్రం పెట్టినా, అంచు మడిచినా, మీద లాకర్ వార్నిష్ కొట్టినా అది పాడైనట్టే. థిన్నర్‌తో తుడిస్తే హోలోగ్రామ్ పొర లేచిపోతుంది. సబ్బునీళ్లు చాలు.

ఆర్‌సీ, ప్లేటు అయ్యాక ఫాస్టాగ్. విజయవాడ–గుంటూరు మధ్య 16వ నంబర్ జాతీయ రహదారి మీద కాజ టోల్ ప్లాజా దాటాలంటే ఎలాగూ కావాలి. వాహన్‌లో ఛాసిస్ నంబర్‌తో సరిపోతేనే ఇస్తారు, కాబట్టి బ్యాక్‌లాగ్ ఎంట్రీలో తప్పుంటే ఇక్కడ బయటపడుతుంది. ట్యాగ్ అద్దం మధ్యలో అంటించండి. నీలం స్టిక్కర్ మీద పడకుండా చూసుకోండి.

ఇక తాతగారి నల్ల ప్లేటు. దాన్ని పారేయొద్దు, మళ్లీ పెయింటు వేయించొద్దు. ఆ కాలపు పెయింటర్ కుంచెతో దిద్దిన అంకెలకు ప్రత్యేకమైన సొగసు ఉంటుంది. పైన కొత్త రంగు పడితే అది పోతుంది. తడిగుడ్డతో దుమ్ము తీసి, నీడలో ఆరబెట్టి, కారు వ్యాక్స్ పలచగా పూసి గుడ్డలో చుట్టి ఉంచండి. తుప్పు లేచిన అంచులకు ఉప్పుకాగితం పెట్టొద్దు.

ప్రదర్శనకు తీసుకెళ్లినప్పుడు దాన్ని హై సెక్యూరిటీ ప్లేటు మీద తగిలించే అలవాటు మన దగ్గరుంది. అది వద్దని చెప్తాను. మైదానమైనా జనం వచ్చిపోయే చోటు చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే, అసలు ప్లేటు కప్పేయడం తప్పే. పైగా ప్రదర్శన అయ్యాక తీయడం మరిచిపోయి అలాగే రోడ్డెక్కుతారు. పాత ప్లేటును బండి ముందు నేల మీద చిన్న స్టాండు మీద నిలబెట్టండి, పక్కనే తొలి సి బుక్కు జిరాక్సు పెట్టండి. ఫొటోల్లో రెండూ కనిపిస్తాయి, ఒకే నంబర్.

నల్ల ప్లేటుతో బండి పట్టుబడితే మొదట పడేది సెక్షన్ 177 కింద సాధారణ జరిమానా, కేంద్ర చట్టంలో మొదటిసారికి 500, తర్వాత 1,500. ఆ మాత్రమేగా అని కొందరు కట్టేసి తిరుగుతారు. కానీ రిజిస్ట్రేషన్ గడువు కూడా దాటి ఉంటే అది సెక్షన్ 192 దాకా పోతుంది. బండిని స్టేషన్‌లో పెడతారు, ఎండలో వానలో నెలలు నిలబడిన పాత బండికి జరిగే నష్టం ఏ జరిమానా కంటే పెద్దది. కాబట్టి మీ బండికి ముందు బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చాక అందులోని ఛాసిస్ నంబర్, బండి మీది ట్రేసింగ్ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిస్తే ఫారం 31, ఫారం 25 కలిపి వేయండి. కలవకపోతే ఏ అక్షరం తేడా ఉందో రాసి అడగండి, సరిచేసే దారి ఆ తేడాను బట్టే ఉంటుంది.